ఆ రాణి అచ్చం నువ్వే

మా అత్తయ్య అమలమ్మగారికి నేనంటే ఇష్టమేనా? పెళ్లయిన నాటి నుంచీ ఇదే నా ప్రశ్న. నా చేపల పులుసు మీద ఆవిడ తీర్పు ఇప్పటికీ ఒకటే: "తినొచ్చులే."

అలాంటి మనిషికి భయపడుతూనే ఒక సిరీస్ చూడమని చెప్పాను. పెద్ద నవలను మూడు సీజన్లుగా తీశారు. నిప్పులు కక్కే పక్షి మీద ఎగిరే రాణి కథ. మొదటి సీజన్లో రాణి కరువు ప్రాంతానికి నీళ్లు తెస్తుంది. నేను చూసింది అంతవరకే.

ఆదివారం హనుమాన్ జంక్షన్ నుంచి ఫోన్ చేశారు.

"అమ్మాయ్ శాలినీ, మొత్తం చూసేశా. ఆ రాణి అచ్చం నువ్వేనే! చర్చిలో ఆడాళ్లందరికీ చెప్పా, మా కోడల్ని చూడాలంటే అది చూడండని."

"నిజంగానా అత్తయ్యా?"

"ప్రార్థన నుంచి ఇప్పుడేగా వచ్చింది, అబద్ధమాడతానా?"

భవానీపురంలో మా బాల్కనీలో నేను గంతులేశాను, ఈ వయసులో! ఆ సంబరంలోనే రెండో సీజన్ పెట్టాను. రాణి తన అత్తగారి కోటను పక్షి చేత తగలబెట్టించింది.

హడావిడిగా మూడోదీ చూశాను. అదే అత్తను రాణి పక్షి మీద తన ముందు కూర్చోబెట్టుకుని శత్రువుల నుంచి కాపాడింది. ముసలావిడ దారంతా తిడుతూనే ఉంది, కోడలి కొంగు మాత్రం వదల్లేదు.

ఏ సీజన్ రాణినో అడుగుదామని రోజూ ఫోన్ తీస్తాను, మళ్లీ పెట్టేస్తాను. మీరూ ఆ సిరీస్ తప్పకుండా చూడండి. ఆవిడ నన్ను మెచ్చుకున్నారో, దెప్పారో నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.