వెనక్కి చూడకుండా వెళ్ళండి

ఊళ్ళో తలుపులన్నీ ఒకే ప్రోగ్రాంతో మాట్లాడేవి. ఏ తలుపు ఏమనాలో రాయడం హైమావతి ఉద్యోగం. శ్మశానం గేటు కూడా "మళ్ళీ రండి" అంటోందని జనం శాపనార్థాలు పెడితే, ఆమె దాన్ని "వెనక్కి చూడకుండా వెళ్ళండి" అని మార్చింది. తెల్లారేసరికి హోటళ్ళూ, పురిటాసుపత్రీ, అన్నిటిదీ అదే మాట.

"ఒక్క గేటుకే మార్చాను సార్!" అంది ఫోనులో.

"ఇకమీదట ఊరంతటికీ ఒకటే మాటమ్మా. చివర నువ్వు రాసిందే ఖాయం చేసేశారు. మార్చడం నా చేతుల్లో లేదు," అన్నాడు మేనేజరు.

"వెళ్ళొస్తానమ్మా!" అంటూ కూతురు బడికి బయల్దేరి గడప దాటింది.

"వెనక్కి చూడకుండా వెళ్ళండి," అంది తలుపు.

రోజూ మలుపు తిరిగేదాకా చెయ్యూపే పిల్ల, బుద్ధిగా తల వంచుకుని వెళ్ళిపోయింది.