అతుక్కునే మెట్టు

ప్రోగ్రామ్‌కు పది నిమిషాల ముందు పెర్సిస్ హార్మోనియం మెట్టు ఒకటి నొక్కి చూసి, నా వైపు తిరిగింది.

"మమ్మీ, దీన్నేం చేశావ్?"

"బాగు చేయించానే. అతుక్కుపోయే మెట్టుతో నలుగురిలో ఎలా వాయిస్తావు?"

అది మా ఆయన సిలాసు గారిది. ఇరవై ఆరేళ్ళు జనక్‌పురి చర్చిలో దానిమీదే కీర్తనలు వాయించారు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిన ఏడాదికి, అమ్మాయి దాన్ని తన టాంగో బృందం కోసం అడిగింది. టాంగో పరాయి దేశపు నాట్య సంగీతం. ఆ పాత బాణీలను వీళ్ళు వయొలిన్లతో, తబలాతో కొత్తగా కూర్చారు. "దేవుని పెట్టె డాన్సులకా?" అని నేను రెండు నెలలు అమ్మాయితో మాట్లాడలేదు. చివరికి మనసొప్పి ఇచ్చాను. వాళ్ళు నెల రోజులు దానిమీద సాధన చేశాక, నిన్న చెప్పకుండా రిపేరు చేయించి, ఇవాళ నేరుగా ఇక్కడికే తెచ్చాను.

"అచ్ఛా? మరి డాడీ ఎలా వాయించారు? ప్రతిసారీ చిటికెన వేలితో లేపేవారు. టిక్‌మనేది. ఆ టిక్ మీదే మా తాళమంతా కట్టాం, మమ్మీ. అబ్ క్యా కరూఁ? ఇప్పుడేం చేయను?"

ఇంతలో స్టేజీ మీదికి పిలిచారు. కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

చర్చిలో నేనెప్పుడూ కళ్ళు మూసుకునే పాడాను. ఆ చప్పుడు పెట్టె లోపమనుకున్నానే గానీ, ఆయన వేలిదని తెలియదు.

ఆ సాయంత్రం కళ్ళు తెరిచి చూశాను. మెట్టు దానంతటదే లేస్తోంది. అయినా ప్రతిసారీ పెర్సిస్ చిటికెన వేలు దాన్ని లేపడానికి వెళ్తోంది.

కళ్ళు మూసుకున్నాను. ఎంత చెవి ఒగ్గినా ఆ టిక్ వినబడలేదు.