మొదటి గ్లాసు

"మళ్ళీ నువ్వేనా మామ్మా?" గౌరి గరిటె ఆపింది.

ముసలామె వరుసలో వాళ్ళను తోసుకుంటూ ముందుకొచ్చి సత్తు గ్లాసు చాపింది.

తుఫాను వచ్చిన ఏడాది, డిసెంబరు నెల. మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే చలిగాలికి పలాస స్టేషను బయట మనుషులు వణుకుతున్నారు. ఇళ్ళు కూలినవాళ్ళు, అయినవాళ్ళు రానివ్వనివాళ్ళు, గోడవార గోనెపట్టాలు కప్పుకుని పడుకుంటున్నారు. అలా ముడుచుకు పడుకున్న ఒకతను తెల్లారి లేవలేదు.

ఆ కబురు విన్నాకే గౌరి నడుం కట్టింది.

ఆమె ఉద్దానం తీరంలో జాలరిపేట మనిషి. పలాసలో ఎండుచేపలు అమ్ముకుంటూ, ఆదివారాలు చర్చికి వెళ్తుంది. ఇంకొకరు చలికి పోకూడదనుకుంది. చర్చి సంఘంలో ఇంటింటికీ తిరిగి చోడిపిండి అడిగి తెచ్చింది. రోజూ తెల్లవారేసరికి స్టేషను ముందు మూడురాళ్ళ పొయ్యి పెట్టి వేడి వేడి రాగిజావ కాయడం మొదలుపెట్టింది. పక్కింటి బేబి సాయానికి వచ్చేది.

మొదట్లో ఎవరూ ముట్టలేదు. దుప్పట్లు ఇస్తే తీసుకున్నారు గాని జావ వద్దన్నారు. ఆకలిగా చూస్తూనే మొహాలు తిప్పుకున్నారు.

ఇక మానేద్దామంది బేబి.

"పారబోసినా సరే, కాత్తాను," అంది గౌరి.

అప్పుడొచ్చింది ఈ ముసలామె. అందరూ చూస్తుండగా గ్లాసెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆఖరి చుక్కదాకా తాగింది. ఆమె వెనక ఒకరొచ్చారు. కాసేపటికి వరుస కట్టారు.

తన ప్రార్థన దేవుడు విన్నాడనుకుంది గౌరి.

కాని ముసలామెతో రోజూ తగువే. ఎవరు ముందు నిలబడినా మోచేత్తో నెట్టేసేది. పోనీ తాగి ఊరుకుంటుందా అంటే, ఉప్పు చాల్లేదని, అడుగంటిందని వంకలు పెట్టేది. మామ్మకి ఆకలికంటే నోరెక్కువని బేబి నవ్వేది.

ఈ రోజు ఆమె నెట్టింది చంటిపిల్ల తల్లిని.

గౌరికి ఓపిక పోయింది. "నీ ఒక్కదానికే ఆకలేటి మామ్మా? సంటిపిల్లతో నిలబడుంది, సూడు. ఎనక్కెల్లు."

"మొదటి గ్లాసు నాకు పొయ్యి. తరవాత నీ ఇష్టం."

"దేవుడి కాడ ముందూ ఎనకా లేదు. అందరూ ఒకటే."

"ఆ సంగతి నీ దేవుడికి తెలుసు. వీళ్ళకి తెలియొద్దూ?"

గౌరి ఆమె చెయ్యి పట్టుకుని వరుస చివరికి తీసుకెళ్ళి నిలబెట్టింది. చెయ్యి కాలిపోతోంది. పొయ్యి దగ్గర నిలబడినందుకేమో అనుకుంది.

తిరిగొచ్చి పిల్లతల్లికి జావ పోసింది. ఆమె గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి, వెనక్కి తిరిగి ముసలామె కోసం చూసింది. ముసలామె అక్కడ లేదు. గోడ పట్టుకుని మెల్లగా వెళ్ళిపోతోంది.

పిల్లతల్లి గ్లాసు కింద పెట్టేసింది.

ఒక్కొక్కరే వరుసలోంచి తప్పుకున్నారు. తన మాటకు వాళ్ళకు కోపం వచ్చిందనుకుంది గౌరి.

మర్నాడు జావ కాగింది. ముసలామె రాలేదు. ఎవరూ రాలేదు.

గౌరి గిన్నె ఎత్తుకుని గోడ దగ్గరికి నడిచింది. అక్కడ రామూర్తి అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఉద్దానంలో అతని పాకను తుఫాను ఎత్తుకుపోయింది. మామ్మ ఏదని అడిగితే, జ్వరం ముదిరి రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళారని, తెల్లారకముందే పోయిందని చెప్పాడు.

గౌరి గిన్నె దించి అతని పక్కనే కూలబడింది.

కాసేపటికి గ్లాసు నింపి ఇచ్చింది. "నువ్వయినా తాగు మావా. నా మీద కోపం తిండి మీద సూపకు."

"కోపం కాదమ్మా, బయం. సర్చి జావ తాగితే మీలో కలిసిపోయినట్టే అంటారు. రేపు సత్తే మా కులపోళ్ళు ఎవులూ పాడె మొయ్యరు."

"మరి ఇన్నాళ్ళూ తాగినారు కదా?"

"ఆ తల్లి దైర్నం సెప్పింది. దోసముంటే మొదట తాగినదానికే తగుల్తాది, ఎనక తాగినోళ్ళకి అంటదు, నాను తాగుతాను, మీరు ప్రాణాలు నిలుపుకోండి అంది. ఇప్పుడు సూడు, ఆసుపత్రిలో పడుంది. మొయ్యడానికి ఎవులూ లేరు."

గౌరి లేచి కొంగు నడుముకు బిగించింది.

"నాను మోత్తాను. ఆ తల్లినే కాదు, మీలో ఎవులు పోయినా మోత్తాను."

రామూర్తి ఆమె మొహంలోకి చూశాడు. గ్లాసు అందుకుని, ఎవరికోసమూ చూడకుండా తాగేశాడు. పిల్లతల్లి కూడా గ్లాసు పట్టుకుని వచ్చింది.

బేబిని జావ పొయ్యమని చెప్పి, గౌరి ఆసుపత్రి వైపు అడుగేసింది. రామూర్తి కర్ర పట్టుకుని వెంట నడిచాడు.

"అక్కడ అడిగితే ఎవులని సెప్పాల మావా?"

"సీతారత్నం గారని సెప్పు. తుపానుకి పోయిన మా ఊరి పూజారి గారి బార్య. మీ జావ తాగినదాకా, పరాయి ఇంట మంచినీళ్ళు కూడా ముట్టని మనిసి."