రోజుకి ముప్పై ఎనిమిది అంతస్తులు

అల్లుడి గుండె గట్టిగా ఉండాలి. కమలాంబ పెట్టిన షరతు అదొక్కటే.

ఆమె భర్త శ్రీనివాస చెన్నై పురసవాక్కంలోని ఈ ఇంటి మెట్లెక్కుతూనే, మొదటి అంతస్తు మలుపులో కూలబడి, యాభై ఒకటో ఏట పోయాడు. అప్పట్నించీ ఆమెకి మెట్లంటే భయం. కూతురు సునయన పెళ్ళంటే అంతకన్నా భయం. జాతకం, జీతం, ఎత్తు, రంగు అన్నీ ఆ తర్వాతే.

"నా మాదిరి నా బిడ్డ నడిమధ్యలో నిలబడిపోకూడదు" అంటుంది. ఆ మాటకి ఎవరు మాత్రం ఎదురు చెప్పగలరు?

కొడుకు శరత్‌చంద్ర కూడా ఎదురు చెప్పలేదు. లాప్‌టాప్ తీశాడు.

శరత్‌కి లెక్కల పిచ్చి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పొట్టకోసం, ఇది ప్రాణం కోసం. ఎనిమిదికి ముందు నిద్ర లేచిన పాపాన పోలేదు. లేచి, సుబ్బన్ గుమ్మంలో వేసిపోయిన పేపర్లో క్రికెట్ స్కోర్లు చూస్తూ ఇడ్లీ తింటాడు. సాయంత్రం ఆ స్కోర్లకీ ఊళ్ళో బస్సుల రద్దీకీ ముడిపెట్టి గ్రాఫులు గీస్తాడు. చేపాక్‌లో మ్యాచి ఉంటే ఏ బస్సు ఎక్కాలో చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పేవాడు. వాళ్ళు విని, ఆటోల్లో పోయేవాళ్ళు.

అలాంటి ఇంటికి కళ్యాణ్ సంబంధం వచ్చింది. గుంటూరు కుర్రాడు. రెండు వీధుల అవతలే అద్దెకుంటున్నాడు. వాళ్ళ ఆఫీసు నడక పోటీలో ఏడాదిగా అతనే ఫస్టని సంబంధం తెచ్చిన చెంగల్రాయుడు చెప్పాడు.

చెప్తే నమ్మే రకం కాదు శరత్. పరుగులు తీసేవాళ్ళ యాప్ ఒకటుంది. ఎక్కడ తిరిగారో, ఎన్ని మెట్లెక్కారో, గుండె ఎలా కొట్టుకుందో చేతి వాచీ అన్నీ అందులోకి ఎక్కిస్తుంది. దాచుకోనివాళ్ళవి ఎవరైనా చూడొచ్చు. కళ్యాణ్ దాచుకోలేదు. పైగా ఫోటోలో నారింజరంగు పట్టీ వాచీ కనపడేట్టు చెయ్యెత్తి మరీ నిలబడ్డాడు.

శరత్ రెండు ఆదివారాలు కూర్చుని ఏడాది లెక్కలు నమిలి మింగాడు. మూడో ఆదివారం లాప్‌టాప్ టీవీకి తగిలించి తల్లినీ చెల్లెల్నీ ఎదురుగా కూర్చోబెట్టాడు.

"చూడమ్మా. పొద్దున అయిదుంబావుకంతా బయట ఉంటాడు. ఎండ, వాన, తుఫాను ఏదీ లెక్కలేదు. రోజుకి ముప్పై ఎనిమిది అంతస్తులు ఎక్కి దిగతాడు. గుండె గడియారం మాదిరి కొట్టుకుంటా ఉండాది."

"ముప్పై ఎనిమిదా?" కమలాంబ కళ్ళు తుడుచుకుంది.

"ఏడాదిలో మానేసిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. దీపావళి మర్నాడు, ఆయుధపూజ మర్నాడు, ఆగస్టు పదహారు, ఇట్లా. పండగనాడు కూడా పరిగెత్తి, మర్నాడు ఒంటికి విశ్రాంతి ఇస్తాడు. ఎంత పద్ధతో చూడు."

సునయన స్కూల్లో సైన్సు టీచరు. ప్రశ్న వేయకుండా ఉండలేదు.

"ఊరికే ఆగతా ఆగతా పోతాడెందుకన్నా? మ్యాపులో గీత నిండా చుక్కలే ఉండాయి."

"అదొక పద్ధతి మా. కొంచెం పరుగు, కొంచెం ఆపు. పెద్ద ఆటగాళ్ళంతా అట్లానే చేసేది." శరత్ గొంతు తగ్గించాడు. అసలు విషయం చివరికి దాచుకున్నాడు. "ఆరూ అయిదుకి ఎవరి గేటు కాడ నిలబడతాడో చూడు. మనదే. ఏడాదిగా, రోజూ, ముప్పావు నిమిషం. సంబంధం వచ్చింది నిన్నగాక మొన్న. ఆ మనిషి మనసు ఎప్పుడో వచ్చేసింది."

సునయన లేచి వెళ్ళి ఆ చుక్కని దగ్గర్నించి చూసింది. చాలాసేపు చూసింది. తన కోసం ఒక మనిషి రోజూ ఆగి నిలబడతాడన్న సంగతి ఆమెకి చెప్పలేనంత బాగుంది. ఆ తర్వాత ఇంకే ప్రశ్నా వేయలేదు.

పెళ్ళిచూపులకి వచ్చిన కళ్యాణ్, రెండో అంతస్తు చేరేసరికి ఆయాసంతో మాట రాక గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాక "సారీ అండీ" అన్నాడు.

కమలాంబ మొహం పాలిపోయింది. శరత్ ఆమె చెవిలో గొణిగాడు. "పిల్లని చూసే బెదురమ్మా అది. ఏడాది లెక్క ముందర ఒక్కరోజు ఆయాసం ఎంత?"

ఆ మాట నిజమే అనిపించింది ఆమెకి. అనిపించాలని కూడా అనుకుంది.

"వాచీ ఏదండీ?" శరత్ ఆపేక్షగా అడిగాడు.

కళ్యాణ్ ఖాళీ మణికట్టుని రెండో చేత్తో కప్పుకున్నాడు. "ఛార్జింగులో పెట్టానండీ."

రేపటి పరుగు కోసం ఇవాళే ఏర్పాటన్నమాట. శరత్ మురిసిపోయాడు. ఆ సాయంత్రమే తాంబూలాల ముహూర్తం ఖాయం చేశారు.

ఆ రోజు రానే వచ్చింది. నెల్లూరు నించి చుట్టాలు దిగి హాలంతా చాపల మీద నిద్రపోతున్నారు. శరత్ మాత్రం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అయిదున్నరకి లేచాడు. ముహూర్తం పదింటికైనా, కాబోయే బావగార్ని గేటు దగ్గరే పట్టుకుని ఆశ్చర్యపరచాలని అతని సరదా.

సునయన అప్పటికే తలంటుకుని ఫిల్టర్ కాఫీ కలిపి ఉంచింది. గ్లాసు అన్న చేతికిస్తూ, "చక్కెర తక్కువ వేసినా. గట్టిగా పిలవొద్దన్నా, సిగ్గుపడతాడు" అంది. తనూ వెంట దిగి, మెట్ల మలుపులో, వీధిలోకి కనపడకుండా నిలబడింది.

సరిగ్గా ఆరూ అయిదుకి, చంకలో పేపర్ల కట్టతో గేటు తోసుకుని లోపలికొచ్చిన సుబ్బన్, ఆ కాఫీ తనకే అనుకుని, నారింజరంగు పట్టీ వాచీ కట్టుకున్న చెయ్యి సంతోషంగా చాచాడు.