గోడ మీది భూమయ్య

ఫోటో చూడగానే భూమయ్య లేచి గుమ్మం వెలుగులోకి వెళ్లాడు.

ఫోటోలో ఒక ఇల్లు. రెండు గదులు, ముందు చిన్న అరుగు, పైన స్లాబు. గుమ్మం పక్కనున్న రోలు తనదే. ఆ జాగా తనదే. తలుపు మీద నల్లరంగుతో ఏదో నంబరు వేశారు. తెరిచిన తలుపులోంచి ఎదుటి గోడ కనిపిస్తోంది. ఆ గోడకు భూమయ్య ఫోటో వేలాడుతోంది. దానికి బంతిపూల దండ. కింద అగరువత్తులు.

గడప దగ్గర భార్య కనకవ్వ నిలబడి ఉంది. నొసట బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు. ఆమె పక్కన, ఫైలు చంకలో పెట్టుకుని ఎవరో ప్యాంటు వేసుకున్న మనిషి.

ఇల్లు కట్టుకోవాలనే భూమయ్య మూడేళ్ల కిందట ఒమాన్ వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లెలో గుడిసెను వదిలి, ఇక్కడ సహం అనే ఊళ్లో అరబ్బుల ఇళ్లకు గోడలు కడుతున్నాడు. ఊరందరికీ ఇళ్లు కట్టే మేస్త్రీ, సొంతిల్లు మాత్రం పునాది దాటలేదు. ఆర్నెల్ల కిందట వచ్చిన క్యాసెట్‌లో కూడా, పునాది మీద పిచ్చిమొక్కలు మొలిచాయనే కనకవ్వ చెప్పింది. మరి ఈ గోడలెక్కడివి? స్లాబెక్కడిది?

ఈ ఫోటో ఉన్న కవరు తెచ్చింది రూమ్‌లో ఉండే జితేందర్. పొద్దున్నే లీవు నుంచి దిగాడు.

"మా ఆమె ఏమన్న జెప్పిందా తమ్మీ?"

"నేను మీ ఊరికి పోలేదన్నా. మీ బామ్మర్ది బస్టాండ్ల కలిసిండు. కవరిచ్చుడు, బస్సు కదులుడు ఒక్కటే అయింది" అని జితేందర్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

భూమయ్యకు నర్సింగ్ గుర్తొచ్చాడు. గుర్తు రాకపోతేనే బాగుండేది. నర్సింగ్ ఇదే రూమ్‌లో ఉండేవాడు. పోయిన ఏడాది పరంజా మీది నుంచి పడి చచ్చిపోయాడు. కంపెనీ ఇచ్చిన పరిహారంతో వాళ్ల ఊళ్లో స్లాబు ఇల్లు లేచింది. బతికినన్నాళ్లు కట్టలేనిది చచ్చి కట్టాడని రూమంతా చెప్పుకున్నారు.

నాలుగు నెలల కిందట భూమయ్య కూడా అలాగే పడ్డాడు. అదృష్టం బాగుండి ఇసుక కుప్ప మీద పడ్డాడు. ఒంటి మీద గీత పడలేదు. అందరూ నోరెళ్లబెట్టారు. ఆ తర్వాత ఇంటి నుంచి ఒక్క కబురూ రాలేదు.

నిజంగా గీత పడలేదా?

భూమయ్యకు అనుమానం వచ్చింది. తొడ గిల్లుకున్నాడు. నొప్పి పుట్టింది. అయితే మాత్రం? చచ్చినవాడికి నొప్పి పుట్టదని చెప్పినవాడెవడైనా చచ్చి చూసి వచ్చాడా?

మనుషుల్ని చూస్తే ధైర్యం వస్తుందని బయటికి నడిచాడు. శుక్రవారం, దుకాణాలు మూసి ఉన్నాయి. మసీదుకు పరుగున పోతున్న దుకాణదారుకు సలాం చెప్పాడు. అతను పలకలేదు. రోజూ దారికి అడ్డంగా పడుకునే మేక, భూమయ్యను చూసి లేచి పక్కకు తప్పుకుంది. పశువులకు దయ్యాలు కనిపిస్తాయని వాళ్ల అవ్వ చెప్పేది. భూమయ్య ఇక ఒక్క అడుగు ముందుకు వేయలేదు. వచ్చిన దారినే రూమ్‌కు ఉరికాడు.

కవరులో ఫోటోతో పాటు క్యాసెట్ ఒకటి ఉంది. కనకవ్వకు రాయడం రాదు. ఏం చెప్పాలన్నా క్యాసెట్లో నింపి పంపుతుంది. రూమ్ మొత్తానికి టేప్‌రికార్డర్ ఒక్కటే, అది హైదరాబాద్ షరీఫ్‌ది. ఆయన దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి, తాళం వేసుకుని జుమ్మా నమాజుకు వెళ్లాడు. భూమయ్య క్యాసెట్‌ను రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

షరీఫ్ రాగానే లేచి ఎదురెళ్లాడు.

"షరీఫ్ భాయ్, నేను నీకు కనవడుతున్ననా?"

"క్యా హువా రే భూమయ్యా? దయ్యాన్ని గిట్ల చూసినవా?"

భూమయ్య ఫోటో చేతికిచ్చాడు. షరీఫ్ చాలాసేపు చూశాడు. మొహంలో నవ్వు పోయింది. ట్రంకుపెట్టె తాళం తీసి, క్యాసెట్ పెట్టి, బటన్ మీద వేలుంచాడు.

"వినాల్నా?"

భూమయ్య తల ఊపాడు. తను ఉన్నాడో పోయాడో ఇప్పుడా టేపే చెప్పాలి.

గరగరమని చప్పుడు. ఆ వెంటనే ఏడుపు. కనకవ్వ ఏడుపే.

"ఓ మా రజిత నాయినో... ఇల్లు గట్టుకుందామని దేశంగాని దేశం పోతివి... ఇల్లు జూడకుండనే పోతివా... నన్నూ పిల్లనూ ఎవలకు అప్పజెప్పి పోతివి..."

వెనక చిన్నపిల్ల రజిత ఏడుస్తోంది. "ఊకో తల్లీ, ఊకో, రాసుకున్నం" అని ఎవరో మగమనిషి ఓదారుస్తున్నాడు. ఏడుపు ఆగడం లేదు.

జితేందర్ లేచి కూర్చున్నాడు. షరీఫ్ నెత్తిమీది టోపీ సరిచేసుకుని పెదాల్లోనే ప్రార్థన చదువుకున్నాడు. భూమయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. తన చావుకు తానే వెక్కి వెక్కి ఏడ్చాడు.

టక్కుమని టేపు ఆపి మళ్లీ పెట్టిన చప్పుడు. ఏడుపు లేదు. ఎక్కడో కోడి కూసింది. కనకవ్వ ముక్కు చీది, అంగట్లో కూరగాయలు బేరమాడే గొంతుతో అంది:

"విన్నవా, మొగడు సచ్చినోళ్లకే ముందుగాల సర్కారు ఇల్లిస్తదంటే ఆఫీసరు ముంగట గిట్ల ఏడ్సి ఇల్లు కట్టిపిచ్చుకున్న, పట్టా చేతికి అచ్చేదాక నువ్వు మాత్రం ఊరి మొకాన రాకు."