మూడు చేతుల కాల్షియం

కోడలికి లూపస్, ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. దాహం ఎక్కువైతే లూపస్ అన్నారు. మలబద్ధకం వస్తే లూపస్. ఇరవై ఏళ్లుగా బట్టలు కుట్టే మనిషి మొన్న ఒక చొక్కాకి రెండూ కుడిచేతులే కుట్టింది. అదీ లూపసే. ఆ ఇంట్లో పాపాల భైరవుడు ఆ జబ్బు.

డాక్టరమ్మ మాత్రం రక్తపరీక్ష కాగితం చూసి కళ్లజోడు తీసింది.

"పదిన్నర లోపు ఉండాల్సిన కాల్షియం పన్నెండు దాటింది. ఇలాగే పెరిగితే కిడ్నీలు పోతాయి. లూపస్ వల్ల పెరగడం ఎక్కడో, ఎవరికో. ఇది కాల్షియం బిళ్లల పని. ఇంట్లో ఇచ్చేదెవరు?"

అత్తగారు నిటారుగా కూర్చుంది. హాస్టల్ వార్డెన్‌గా రెండొందల మంది పిల్లలకి నులిపురుగుల మందు వేసిన చెయ్యి ఆవిడది. స్టెరాయిడ్లకి ఎముకలు గుల్లబారకుండా డాక్టరమ్మే రాసిన బిళ్ల, పూటకొకటి కాదు, రోజుకొక్కటే ఇస్తున్నానంది.

గుమ్మడికాయ దొంగంటే కొడుకు భుజాలు తడుముకున్నాడు. అమ్మ మరిచిపోతుందేమోనని ఆఫీసుకి వెళ్లేముందు తనూ ఒకటి ఇస్తున్నాడట. అన్నని నమ్మలేక పక్కవీధి నుంచి ఆడపడుచు వచ్చి సాయంత్రం ఇంకొకటి. రెండు నెలలుగా ఒకరికి తెలియకుండా ఒకరు. ఇంత ప్రేమ ఏ ఇంట్లో ఉంటుంది?

కోడలు ఏదో చెప్పబోయింది.

"నువ్వు మాట్లాడకమ్మా, నీరసం వస్తుంది" అంది అత్తగారు.

డాక్టరమ్మ ముగ్గురికీ తలంటి, బిళ్లలన్నీ ఆపించింది. వారం తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే పదమూడున్నర. కోడల్ని ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్ పెట్టారు.

"మీలో ఒకరు ఇంకా ఇస్తున్నారు" అని డాక్టరమ్మ తేల్చేసింది.

ఇల్లు చేరగానే యుద్ధం మొదలైంది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. తల్లి అలమర కొడుకు వెతికాడు. తల్లి కూతురి హ్యాండ్‌బ్యాగు మంచం మీద బోర్లించింది. కూతురు అన్న జేబులు తడిమింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతో అనుమానం ఇంకా గట్టిపడింది.

ఆ అరుపుల మధ్యలోనే అత్తగారికి ఏడుపొచ్చింది. పిల్లకి ఏమైనా అయితే అన్న భయం ఆవిడకి నిజంగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఆస్పత్రికి కోడలి బట్టలు సర్దుతుంటే నైటీకి ఒక గుండీ ఊడి కనబడింది. కుట్టేసి తీసుకెళదామని కోడలి మిషను సొరుగులోంచి గుండీల డబ్బా తీసి మూత తెరిచింది.

డబ్బాలో పైన నాలుగు గుండీలు, వాటి కింద అంచులదాకా తెల్లటి బిళ్లలు: తనిచ్చినవి, కొడుకిచ్చినవి, కూతురిచ్చినవి, రెండు నెలలవీ, ఒక్కటంటే ఒక్కటి కూడా కోడలు మింగలేదు. అంటే ఈసారి పాపం నిజంగా లూపస్‌దే.