గీత దాటిన సాస్

మొగుడిని ఓ కంట కనిపెట్టడం కన్నా పొయ్యి మీద పాలకు కాపలా కాయడం నయం. పాలు పొంగేముందు కాస్త బుస్సుమంటాయి. ఈయన అదీ అనడు.

ఉప్పు, పొటాషియం తగ్గించకపోతే డయాలసిస్ తప్పదని కిడ్నీ డాక్టరు చెప్పిన రోజునే ఆ ఇంటి వంటగది అలమర సగం ఖాళీ అయింది. సోయా సాస్ పోయింది. టమాటా సాస్ పోయింది. వెనిగర్, నిమ్మకాయలు, మిరియాలపొడి మిగిలాయి. సూపర్ మార్కెట్లో ఆయన కళ్ళజోడు పైకెత్తి ప్రతి సీసా లేబులూ తిప్పి తిప్పి చదివేవాడు. పెళ్ళికి ముందు తననైనా అంత పరీక్షగా చూడలేదని ఆమె గొణుక్కునేది.

ఆ నిష్ఠ చూస్తేనే ఆమెకు అనుమానం.

ఎందుకంటే పిండి డబ్బా వెనక ఇంకో టమాటా సాస్ సీసా ఉంది. చుట్టాలొస్తే పనికొస్తుందని తనకు తానే సర్దిచెప్పుకుని ఆమె దాచింది. ఈమధ్య దాని లేబుల్ గోడవైపు తిరిగి ఉంటోంది. మూత బిగుసుకుపోయి ఉంటోంది. ఆ ఇంట్లో మూతలు అలా బిగించే చెయ్యి ఒక్కటే.

ఓ సాయంత్రం ఆయన చొక్కా చేతి మీద ఎర్రటి మరక కనిపించింది.

"ఇదేంటండీ?"

"పెయింటు."

ఆయనకు పెయింట్ల షాపులో రంగులు కలిపే పని. గోడ పెచ్చు తెచ్చి చూపిస్తే చాలు, అచ్చం అదే రంగు డబ్బాలో పోసిస్తాడు.

ఆమె వాసన చూసింది. "వెనిగర్ కంపు కొడుతోంది."

"కొత్త కంపెనీది."

నిలదీద్దామంటే సీసా సంగతి తానే బయటపెట్టినట్టవుతుంది. లేబుల్ అంచున పెన్సిలుతో సన్నగా గీత పెట్టింది. మర్నాడు చూస్తే సాస్ గీతకు పైన ఉంది.

తినేసి నీళ్ళు కలుపుతున్నాడన్నమాట. చిక్కదనం మాత్రం తగ్గలేదు. బాగా ఆరితేరాడు.

రిపోర్టు రోజున ఆసుపత్రి బెంచీ మీద ఇద్దరూ తమ నంబరు కోసం ఎదురుచూశారు.

డాక్టరు కాగితాన్ని రెండోసారి చూశాడు. "పొటాషియం బాగా దిగింది. డయాలసిస్ మాట ఇప్పట్లో వద్దు. పోయినసారి రిపోర్టు తర్వాత కొత్తగా ఏం మార్చారు?"

"నాకు తెలిసి ఏమీ లేదండీ," అంది ఆమె. "ఈయన్నే అడగండి."

ఆయన తన బూట్ల వంక చూసుకున్నాడు. "పిండి డబ్బా వెనక సాస్ ఎప్పుడో పారబోశాను. ఎర్ర క్యాప్సికం కాల్చి, తొక్క తీసి, వెల్లుల్లి, వెనిగర్ వేసి రుబ్బి అదే సీసాలో నింపుతున్నా. ఉప్పు వెయ్యలేదు. షేడు కుదరడానికే నానా తంటాలు పడ్డా."



"తప్పు నాదేనండీ," అంది ఆమె, పొద్దున రక్తం తీసినచోట తన మోచేతి మడతలో దూదిని ఒత్తుకుంటూ, "మీరటు షాపుకెళ్ళగానే నేను రోజూ చాటుగా నాకేస్తున్న సాస్ మీ చేతిదని తెలీక, మిమ్మల్ని దొంగనుకున్నా."